పెట్టె మీది అక్షరాలు

(షోలాపూరులో జరిగిన కార్మిక శిక్షణ తరగతిలో యూనియన్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి, కూలి రేట్ల సంగతి మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉన్నాయి. ఈ గంటసేపు ఒక అట్టపెట్టె గురించి మాట్లాడుకుందాం. ఇదిగో, బల్ల మీదే ఉంది. యాభై మాస్కులు పట్టే పెట్టె. మాస్కులు ఎప్పుడో అయిపోయాయి. పెట్టెను మాత్రం మేము పారేయకుండా దాచాం.

సంగతి తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాం. ఊరి బయట ఒక స్పిన్నింగు మిల్లు ఉంది. పేరు అక్కర్లేదు, అక్కడ పనిచేసేవాళ్ళు ఈ హాల్లోనే కూర్చున్నారు. బ్లోరూములోనూ కార్డింగులోనూ దుమ్ము ఎట్లా ఉంటుందో ఆ ఖాతాల్లో చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. షిఫ్టు దిగేసరికి కనుబొమ్మలు తెల్లబడి మనిషి పదేళ్ళు పెద్దవాడిలా కనిపిస్తాడు. అక్కడి కార్మికులు కిందటేడు ఒక అర్జీ పెట్టారు. సెలవు మరునాడు డ్యూటీ ఎక్కిన రెండు మూడు గంటలకే ఛాతీ బిగబట్టినట్లు ఉంటోంది, దగ్గు వస్తోంది, వారం నడిచేకొద్దీ కొంచెం తగ్గుతోంది, మళ్ళీ సెలవు తర్వాత మొదలవుతోంది, దుమ్ము లాగే యంత్రాలు బాగు చేయించండి అని. అర్జీకి జవాబుగా యాజమాన్యం ఏం చేసింది? గేటు దగ్గర బల్ల వేసి మనిషికి ఒక మాస్కు పంచింది. పంచుతూ ఫోటోలు కూడా తీయించింది.

మాస్కు ఇవ్వడం తప్పని మేము అనడం లేదు. అది ఎట్లాంటి మాస్కు అన్నదే మా ప్రశ్న. అడిగితే మేనేజరు ఈ పెట్టె తిప్పి చూపించాడు. “చూడండి, ఇంపోర్టెడ్ మాలు. ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నాయో లెక్కపెట్టుకోండి” అన్నాడు.

లెక్కపెట్టాం. ఎఫ్.డి.ఎ. రిజిస్టర్డ్. ఓషా అప్రూవ్డ్. సి.ఇ. ఐ.ఎస్.ఓ. 9001. కె.ఎన్.95. ఇవి కాక ఒక మూలన నీలిరంగు గుండ్రటి ముద్ర, దాని మీద ‘సర్టిఫైడ్’ అన్న మాట తప్ప ఎవరు సర్టిఫై చేశారో లేదు. వైండింగులో పనిచేసే ఒక అక్క ఈ పెట్టె ఇంటికి పట్టుకుపోయింది. మనలో చాలామందిమి ఇంగ్లీషు చదవలేం. ఆమె కూతురు మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి. ఆ పిల్ల ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, “అమ్మా, ఇవి మాటలు కావు, ఉట్టి అక్షరాలే. వీటికి అర్థం ఏంటి?” అని అడిగింది. ఆ ప్రశ్నే ఆ అక్క యూనియన్ ఆఫీసుకు తెచ్చింది. కార్డింగులో ముప్పై ఏళ్ళు చేసిన పెద్దాయన, మేమంతా మామా అని పిలిచే మనిషి, అప్పుడు అక్కడే ఉన్నాడు. ఆయన ఒక మాటన్నాడు. “ఇన్ని అక్షరాలు ఉన్నాయంటే, అందులో ఒక్కటైనా నిజం కాకపోతుందా రా?”

మిత్రులారా, పెట్టె తయారుచేసినవాడు నమ్ముకున్నది సరిగ్గా ఆ మాటనే. మామ అమాయకుడని కాదు. మనమందరం అట్లాగే అనుకుంటాం. ఒక ముద్ర ఉంటే అనుమానంగా చూస్తాం, ఆరు ముద్రలుంటే అనుమానం పోతుంది. పైగా తెలియని అక్షరాల ముందు నోరు మూసుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు చేశారు. అందుకని మేము కూర్చుని ఒక్కొక్క ముద్ర వెనక ఎవరున్నారో తెలుసుకున్నాం. అదే మీకు చెబుతున్నాం.

ఎఫ్.డి.ఎ.తో మొదలుపెడదాం. మహారాష్ట్రలో ఉన్న మనకు ఆ పేరు కొత్త కాదు. మందుల దుకాణాల మీద, మిఠాయి దుకాణాల మీద దాడులు చేసే రాష్ట్ర శాఖ పేరు అదే. అందుకే మనవాళ్ళు ఆ శాఖే ఈ మాస్కును చూసి ముద్ర కొట్టిందనుకున్నారు. కాదు. పెట్టె మీదిది అమెరికా ఎఫ్.డి.ఎ. ఆహారాన్నీ మందులనూ వైద్య పరికరాలనూ చూసే సంస్థ. మరి ‘రిజిస్టర్డ్’ అంటే ఏమిటి? వైద్య పరికరాలు అమ్మే కంపెనీ తన పేరూ చిరునామా ఆ సంస్థ జాబితాలో రాయించుకుని, ఏటా రుసుము కట్టడం. అంతే. పేరు రాయించుకున్నంత మాత్రాన సరుకును మేము మెచ్చినట్లు కాదని ఆ సంస్థే చెబుతుంది. రిజిస్ట్రేషన్‌కు సర్టిఫికెట్టు అంటూ తాము అసలు ఇవ్వమని కూడా చెబుతుంది. హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన పిల్లవాడు పాసైనట్లా? పైగా ఆ సంస్థ చూసేది ఆసుపత్రుల్లో డాక్టర్లు కట్టుకునే మాస్కులను. కార్డింగులో నుసి ఆపే మాస్కు దాని పరిధిలోకే రాదు.

రెండోది ఓషా. ఇది కూడా అమెరికాదే, అక్కడి కార్మిక శాఖ కింద పనిచేసే భద్రతా సంస్థ. పనిచేసే చోట నిబంధనలు పెట్టడం, తనిఖీలు చేయడం, జరిమానాలు వేయడం దాని పని. అది ఏ సరుకునూ ఆమోదించదు. మాస్కు గానీ, చేతి తొడుగు గానీ, బూటు గానీ, ‘ఓషా అప్రూవ్డ్’ అని ఎక్కడ కనబడ్డా ఆ మాట పుట్టుకతోనే అబద్ధం. చేయని పనికి సంతకం పెట్టినట్లు రాసుకున్నారన్నమాట.

మరి అమెరికాలో పని చోట కట్టుకునే మాస్కును పరీక్షించి ఆమోదించేది ఎవరు? నియోష్ అని ఇంకో సంస్థ ఉంది. 1970లో చేసిన ఒకే చట్టం నుంచి ఈ రెండూ పుట్టాయి. ఓషా నిబంధనలు పెట్టేది, నియోష్ పరిశోధన చేసేది. ఎన్.95 అన్న మాట నియోష్‌ది. నూనె తుంపరలు లేని చోట వాడేదని ‘ఎన్’, పరీక్షలో నూటికి కనీసం 95 వంతుల సన్నని కణాలను ఆపాలని ‘95’. నిజమైన ఎన్.95 మాస్కు మీద తయారీదారు పేరూ, నియోష్ పేరూ, టి.సి.–84ఎ అని మొదలయ్యే ఆమోద సంఖ్యా ఉంటాయి. పట్టీలు తల వెనక్కి రెండు వరసల్లో పోతాయి. చెవులకు తగిలించుకునే పట్టీ ఉందంటే అనుమానించండని ఆ సంస్థే చెబుతుంది. మన పెట్టెలోని మాస్కులన్నీ చెవులకు తగిలించుకునేవే. ఇంత పనికొచ్చే సంస్థను కూడా అక్కడి ప్రభుత్వం వదల్లేదు. 2025 ఏప్రిల్‌లో దాని సిబ్బందిలో అత్యధికులకు ఉద్యోగాలు పోతాయని నోటీసులు ఇచ్చారు. తర్వాత కొంతమందిని వెనక్కి పిలిచారు. కార్మికుల ప్రాణాలు చూసే ఆఫీసు మీద కత్తి ముందుగా పడటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

కె.ఎన్.95 అంటే ఎన్.95కు అన్నో తమ్ముడో అనుకుంటారు. అది చైనా దేశపు ప్రమాణం. ఆ ప్రమాణం ప్రకారం నిజంగా తయారైన మాస్కు చెడ్డదని మేము అనం. కానీ నియోష్‌కూ దానికీ సంబంధం లేదు. ఒక్క అక్షరం చేర్చి పేరు దగ్గర చేస్తే కొనేవాడి కన్ను ఆ అక్షరం దాటిపోతుంది.

సి.ఇ. అన్నది యూరప్‌ది. అది నాణ్యత ముద్ర కాదు. మా సరుకు మీ చట్టాలకు లోబడి ఉందని తయారీదారు చేసే ప్రకటన. చాలా రకాల సరుకులకు ఎవరూ వచ్చి చూడకుండానే కంపెనీ తన పూచీ మీద తానే వేసుకోవచ్చు. అయితే దుమ్ము నుంచి ఊపిరితిత్తులను కాపాడే మాస్కులకు అట్లా కుదరదు. బయటి సంస్థ ఒకటి పరీక్షించాలి, సి.ఇ. పక్కన ఆ సంస్థ నాలుగంకెల సంఖ్య ఉండాలి. మన పెట్టె మీద సి.ఇ. ఉంది, పక్కన అంకెలు లేవు. అంకెలు లేకపోతే బయటివాడు ఎవడూ చూడలేదని అర్థం.

ఇక ఐ.ఎస్.ఓ. మన జనం ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే, ఎందుకంటే మనకు ఐ.ఎస్.ఐ. బాగా తెలుసు. హెల్మెట్టు మీద, కుక్కరు మీద, ఇస్త్రీపెట్టె మీద చూసి కొనడం నేర్చుకున్నాం. చివరి అక్షరం మారితే చాలామంది గమనించరు. దుకాణాల్లో “ఐ.ఎస్.ఐ. ఉందా?” అని అడిగితే “అంతకంటే పెద్దది, ఇంటర్నేషనల్ ఐ.ఎస్.ఓ. ఉంది” అని చెప్పేవాళ్ళను మేమే చూశాం. ఈ రెండూ చిన్నా పెద్దా కాదు, వేరువేరు జాతులు. ఐ.ఎస్.ఐ. అంటే మన దేశపు ప్రమాణాల సంస్థ, 1947లో ఏర్పడింది. 1987 నుంచి దాని పేరు బి.ఐ.ఎస్. పేరు మారినా పాత ముద్ర అట్లాగే ఉంచారు. అదొక గందరగోళం, సరే. ఆ ముద్ర సరుకు మీద వేసేది. ఐ.ఎస్.ఓ. కూడా 1947లోనే పుట్టింది, జెనీవాలో ఉంది. అది ప్రమాణాలు రాస్తుంది గానీ ఎవరికీ సర్టిఫికెట్టు ఇవ్వదు. ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు. ఆ ప్రైవేటు సంస్థలకు గుర్తింపు ఇచ్చేది మన దేశంలో ఎన్.ఎ.బి.సి.బి. అని ఒకటి, పరీక్షలు చేసే ల్యాబులకు ఎన్.ఎ.బి.ఎల్. అని మరొకటి. అక్షరాలను తూచడానికి మళ్ళీ అక్షరాలే. నవ్వకండి, నిజంగానే అంతే!

అసలు విషయం ఏమిటంటే, 9001 అన్న సంఖ్య సరుకు గురించి చెప్పదు. ఆ కంపెనీ తన పనిని ఒక పద్ధతిగా రాసిపెట్టుకుని నడుపుతోందని మాత్రమే చెబుతుంది. చెడ్డ మాస్కును కూడా పద్ధతిగా తయారుచేయవచ్చు, పద్ధతిగా రిజిస్టరులో రాయవచ్చు.

మరి మన దేశంలో దుమ్ము మాస్కుకు ఏ ముద్ర చూడాలి? ఐ.ఎస్. 9473. ఈ సంఖ్య రాసుకోండి. దానిలో మూడు తరగతులు ఉన్నాయి. ఎఫ్.ఎఫ్.పి.1 అయితే పరీక్షలో నూటికి 80 వంతులు, ఎఫ్.ఎఫ్.పి.2 అయితే 94, ఎఫ్.ఎఫ్.పి.3 అయితే అంతకంటే ఎక్కువ ఆపాలి. ఐ.ఎస్.ఐ. బొమ్మకు పైన ఆ ప్రమాణం సంఖ్య, కింద సి.ఎం./ఎల్. అన్న అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉండాలి. ఉట్టి బొమ్మను ఎవడైనా అచ్చు కొట్టిస్తాడు. ఆ లైసెన్సు సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే యాప్‌లో కొడితే ఏ కంపెనీది, ఏ సరుకుకు ఇచ్చారు, ఇంకా నడుస్తోందా లేదా అన్నది కనిపిస్తుంది. ఇందాక చెప్పిన తొమ్మిదో తరగతి పిల్ల ఈ పని మనందరికంటే త్వరగా చేసింది.

ఇంత తెలుసుకున్నాక మేము యాజమాన్యాన్ని సర్టిఫికెట్ల నకళ్ళు అడిగాం. పదిహేను రోజులు తిప్పి మూడు కాగితాలు ఇచ్చారు. మొదటిది ఐ.ఎస్.ఓ. కాగితం. దానిలో ఏ పనికి ఇచ్చారో ఒక వరుస రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. చదివితే ‘మాస్కుల అమ్మకం, సరఫరా’ అని ఉంది. తయారీ అన్న మాటే లేదు. అంటే దుకాణం పద్ధతిగా నడుస్తోందని సర్టిఫికెట్టు. రెండోది ఎఫ్.డి.ఎ. రిజిస్ట్రేషన్ అని బంగారు రంగు అంచుతో ఉన్న కాగితం. కింద సంతకం ఒక ప్రైవేటు ఏజెంటుది, గడువు దాటి ఏడాది అయింది. మూడోది పరీక్ష రిపోర్టు. పరీక్ష నిజమే, ల్యాబు నిజమే. కానీ పరీక్షకు పంపిన మాస్కు మోడల్ నెంబరు ఒకటి, మనకు పంచిన దాని నెంబరు ఇంకొకటి. మేనేజరుకు ఈ తేడా చూపిస్తే ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు. ఆయన్ను కూడా ఎవడో సప్లయరు ముంచాడేమో, మాకు తెలియదు. కానీ ఆ మాస్కు కట్టుకున్నది ఆయన కాదు. షిఫ్టు దిగి మాస్కు తీస్తే ముక్కు చుట్టూ, లోపలి వైపున, తడి నుసి గీతలాగా పేరుకుని ఉండేది. మామ దాన్ని వేలితో తీసి మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఆయన పెట్టిన సర్టిఫికెట్టు అది.

ఇక్కడ కొంచెం ఆగి ఆ జబ్బు గురించి చెప్పుకోవాలి. పత్తి నుసి ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు బిసినోసిస్ అని పేరు. సెలవు మరునాడు ఛాతీ బిగబట్టడం దాని మొదటి గుర్తు. మొదట్లో వస్తూ పోతూ ఉంటుంది. దుమ్ములోనే ఏళ్ళు గడిస్తే పోవడం మానేస్తుంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం షెడ్యూలులోకి ఎక్కిన వృత్తి జబ్బు అది. చట్టంలో పేరున్నా మన డాక్టర్లలో చాలామంది ‘బీడీ మానెయ్’ అని చెప్పి పంపేస్తారు. అందుకని డాక్టరు దగ్గర మీ పని ఏ ఖాతాలోనో, ఎన్నేళ్ళుగా చేస్తున్నారో, బాధ ఏ రోజు ఎక్కువగా ఉంటుందో మీరే చెప్పండి. బీడీ మానడం కూడా మంచిదే, అది వేరే సంగతి.

పెట్టె మీద దొంగతనంగా వాడుకున్న ఓషా పేరు ఉంది చూశారా, ఆ సంస్థ నిజంగా పత్తి దుమ్ము మీద ఏం చెప్పిందో తెలుసుకుంటే ఆశ్చర్యపోతారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల మిల్లుల్లో కూడా మనవాళ్ళలాగే వేలమంది ఈ జబ్బుతో మంచాన పడ్డారు. అక్కడ దాన్ని గోధుమరంగు ఊపిరితిత్తి అన్నారు. జబ్బుపడ్డ కార్మికులూ, యూనియన్లూ కలిసి ఏళ్ళ తరబడి పోరాడారు. 1978లో ఓషా పత్తి దుమ్ము నిబంధన పెట్టింది. నూలు తీసే ఖాతాల్లో గాలిలో ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ దుమ్ము ఉండకూడదని హద్దు గీసింది. దుమ్మును ముందు యంత్రాలతో, గాలి లాగే ఏర్పాట్లతో తగ్గించాలి. అట్లా తగ్గించే లోపల, తగ్గించినా చాలని చోట మాత్రమే మాస్కు. అది కూడా ఉచితంగా ఇవ్వాలి. కార్మికుడి ఊపిరి ఎంత ఉందో పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత క్రమంగానూ పరీక్షించాలి. యజమానుల సంఘం దీని మీద కోర్టుకు పోయింది. ఖర్చెంత, లాభమెంత అని తూకం వేయకుండా ఇట్లాంటి నిబంధన పెట్టకూడదని వాదించింది. 1981లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కార్మికుడి ఆరోగ్యాన్ని ఆ తూకంలో వేయనక్కర్లేదని, చేయడానికి సాధ్యమైతే చేసి తీరాలని చట్టంలోనే ఉందని చెప్పింది.

చూశారా వింత! మాస్కు అమ్ముకోవడానికి ఎవరి పేరు వాడుకున్నారో, ఆ సంస్థ చెప్పిన మాట ‘ముందు దుమ్ము తీసేయ్, మాస్కు తర్వాత’ అని. పేరులోని అక్షరాలు మన మిల్లుదాకా వచ్చాయి. మాట మాత్రం పెట్టెలో రాలేదు. మేము కోరుతున్నది ఆ మాట రావాలని.

ఇప్పుడు మన గురించి మనం కూడా మాట్లాడుకోవాలి. ఇది కొంచెం చేదుగా ఉంటుంది. ఈ లేబుళ్ళు కుట్టే చేతులు ఎవరివి? మనవే కదా. అక్కలకోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవెళ్ళ కార్ఖానాల్లో చేసేవాళ్ళు చెప్పండి. ఒకే సాంచాల మీద దిగిన ఒకే టవెలు, ఈ వారం ఒక లేబులు, వచ్చే వారం ఇంకో లేబులు కుట్టించుకుని పోదా? షోలాపూరు చాదరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో నేసిన దుప్పట్లకు షోలాపూరు పేరు తగిలించి అమ్ముతుంటే మనకు కడుపు మండుతుంది. మరి మన చేతుల మీదుగా పోయే లేబుళ్ళ సంగతి?

2020లో కరోనా వచ్చినప్పుడు, లాక్‌డౌన్‌లో పనులు పోయి ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు, కుట్టు మిషన్లున్న యూనిట్లు చాలా ఊళ్ళలో మాస్కులకూ, డాక్టర్ల రక్షణ దుస్తులకూ మళ్ళాయి. ఆ దుస్తుల గుడ్డ నుంచి రక్తం లోపలికి ఇంకుతుందా లేదా అని కోయంబత్తూరులోని సిట్రా వంటి చోట్ల కృత్రిమ రక్తంతో పరీక్ష చేసేవాళ్ళు. పాసైన నమూనాకు ఒక కోడ్ నెంబరు ఇచ్చేవాళ్ళు. మన అక్క ఒకామె అప్పుడు ఒక యూనిట్లో కుట్టింది. ఆమె చెప్పిన మాట ఇది. “పరీక్షకు పోయిన గుడ్డ దళసరిగా, నున్నగా ఉండె. తర్వాత మాకు వచ్చిన తాను చేత్తో పడితేనే తేడా తెలిసిపోయింది. కోడ్ మాత్రం అదే. నేనే ముద్ర కొట్టిన. రోజుకు మూడొందలు వస్తుండె, ఇంట్లో బియ్యం లేవు. అడగలేదు.” ఈ మాట చెప్పి ఆమె ఏడ్చింది. ఆమెను తప్పుపట్టడానికి మేము ఇది చెప్పడం లేదు. ఆకలి మీద సర్టిఫికెట్టు ఎట్లా నిలబడుతుందో చెప్పడానికి చెబుతున్నాం. నమూనా పాసైందన్న రిపోర్టుకూ, తయారయ్యే ప్రతి దానికీ పూచీ పడే సర్టిఫికెట్టుకూ మధ్య ఉన్న సందు అది. ఆ సందులో ఏం జరుగుతుందో ల్యాబుకు కనబడదు, కుట్టేవాళ్ళకు కనబడుతుంది.

మనం నేసే సరుకు మీద వచ్చే పెద్ద ముద్రల సంగతీ ఇంతే. ఓకో–టెక్స్ స్టాండర్డ్ 100 అని 1992లో యూరప్‌లో మొదలైంది. తొడుక్కునేవాడి ఒంటికి హాని చేసే రసాయనాలు గుడ్డలో మిగిలి ఉన్నాయా అని చూస్తుంది. మంచిదే. కానీ రంగు వేసినవాడి చేతుల మాట, కార్డింగులో నుసి మాట అందులో ఉండదు. గాట్స్ అనేది సేంద్రియ పత్తికి సంబంధించింది. 2020లో మన దేశం నుంచి సేంద్రియమని పోయిన 20,000 టన్నుల పత్తికి దొంగ కాగితాలు పుట్టించారని ఆ సంస్థే బయటపెట్టి, పదకొండు కంపెనీలను నిషేధించింది. నిజాయితీగా పండించిన రైతు సరుకు కూడా ఆ దెబ్బకు అనుమానంలో పడింది.

వీటన్నిటి కంటే మేము ఎక్కువగా భయపడేది మన పేరు మీద వచ్చే సర్టిఫికెట్లకు. ఎస్.ఎ.8000 అని ఒకటి ఉంది. 1997లో అమెరికాలో పుట్టింది. ఆ ఫ్యాక్టరీలో కార్మికులను మనుషుల్లా చూస్తున్నారు, భద్రత ఉంది, సంఘం పెట్టుకునే హక్కు ఉంది అని చెప్పే ముద్ర. కాగితం మీద దాని షరతులు చదివితే మన డిమాండ్ల పత్రంలాగే ఉంటాయి. 2012 ఆగస్టులో కరాచీ నగరం బల్దియా ప్రాంతంలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి ఆ సర్టిఫికెట్టు ఇచ్చారు. ఇచ్చింది ఇటలీ సంస్థ. తనిఖీకి మాత్రం తాను పోలేదు, అక్కడి ఒక స్థానిక సంస్థకు అప్పగించింది. కొన్ని వారాలు గడిచాయి. సెప్టెంబరు 11న ఆ ఫ్యాక్టరీ తగలబడింది. కిటికీలకు ఊచలు. బయటికి పోయే దారులకు తాళాలు. 250 మందికి పైగా కార్మికులు చనిపోయారు. నిప్పు కావాలనే పెట్టారని 2020లో అక్కడి కోర్టు తేల్చి ఇద్దరికి మరణశిక్ష వేసింది. పెట్టినవాడిది నేరమే. కానీ ఊచలూ తాళాలూ ఆ రోజు పుట్టినవి కావు కదా. సర్టిఫికెట్టు ఇచ్చిన రోజున కూడా ఆ కిటికీలు అక్కడే ఉన్నాయి. లోపల పనిచేసే ఏ అమ్మాయిని అడిగినా ‘మాకు బయటికి ఒక్కటే దారి’ అని చెప్పి ఉండేది.

మన దగ్గర తనిఖీ ఎట్లా జరుగుతుందో మీకు తెలుసు. రెండు రోజుల ముందే గోడలకు సున్నం. నీళ్ళ కూలరు కొత్తది. మందుల పెట్టెలో దూది. పిల్లలెవరైనా ఉంటే ఆ రోజు సెలవు. తనిఖీదారుకు ఏం చెప్పాలో సూపర్‌వైజరు ముందురోజు వల్లె వేయిస్తాడు. తనిఖీదారుకు ఫీజు ఇచ్చేది ఎవరు? తనిఖీ చేయించుకునేవాడే. అతను మంచివాడే కావచ్చు, అయినా వచ్చే ఏడాది మళ్ళీ పిలవాలంటే ఈ ఏడాది ఏం రాయాలో అతనికి తెలుసు.

అందుకే కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. ఏ మిల్లులో గానీ కార్ఖానాలో గానీ బయటి తనిఖీ జరిగితే, యాజమాన్యం లేని చోట కార్మికుల ప్రతినిధితో మాట్లాడాలని మనం రాతపూర్వకంగా కోరుతాం. కాగితంలో మన గురించి ఏం రాశారో మన భాషలో నోటీసు బోర్డు మీద పెట్టమంటాం. ఒప్పుకోరని కొందరు అంటున్నారు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అడిగినట్లు రికార్డు ఉంటుంది, అది కూడా పనికొస్తుంది.

ఇక ఆ మిల్లు సంగతి ఎంతవరకు వచ్చిందో చెప్పి కూర్చుంటాం. పాత మాస్కులు ఆపేశారు. ఐ.ఎస్. 9473 ముద్ర ఉన్నవి, లైసెన్సు సంఖ్య సరిచూసుకున్నవి ఇస్తున్నారు, కానీ బ్లోరూముకూ కార్డింగుకూ మాత్రమే. రింగ్ ఫ్రేముల దగ్గర అక్కలకు ఇంకా లేవు. దుమ్ము లాగే ప్లాంటు బాగుచేయించడానికి కొటేషన్లు పిలిచామంటున్నారు. మూడు నెలల నుంచీ అదే మాట. ఊపిరి పరీక్ష అడిగాం, జవాబు రాలేదు. మామకు వచ్చే నెలలో రిటైర్మెంటు. మెట్లు ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగుతున్నాడు.

టీ తాగి వచ్చాక ఈ పెట్టెను వరుసల్లో తిప్పుతాం. ప్రతి ఒక్కరూ చేత్తో పట్టుకుని చూడండి. ఫోన్లు ఉన్నవాళ్ళు యాప్ పెట్టుకోండి, రానివాళ్ళకు పక్కనున్న పిల్లలు నేర్పుతారు. వచ్చే తరగతికి మీ మీ ఖాతాల్లో ఇచ్చిన మాస్కు, చేతి తొడుగు, చెవి బిరడా, గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు, వీటి మీద ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్లు కాగితం మీద రాసుకుని రండి. అర్థం కాకపోయినా సరే, అక్షరాలు తప్పు పోకుండా రాయండి.